బల్లకు బిగించి, పనయ్యాక తీసేసే వైస్ (కర్రను రెండు దవడల మధ్య కదలకుండా పట్టే సాధనం) ఎలా చేయాలి?

ప్రశ్న: సొరుగులకు డవ్‌టైల్ కోతలు (పలకల మూలలను కలిపే పావురం తోక ఆకారపు కోతలు) కోయాలి. 30 సెం.మీ. వెడల్పు పలకను నిలువుగా పట్టాలి. ఏ కర్ర, ఎంత రాడ్డు?

జవాబు 1: మీకు కావాల్సింది మాక్సన్ వైస్, అంటే రెండు కర్ర దవడలను రెండు మర రాడ్లతో బిగించేది. ఎండిన టేకు, 40 మి.మీ. మందం, 14 సెం.మీ. ఎత్తు. ముందు దవడ 50 సెం.మీ., వెనకది 65. వెనక దవడకు అటూ ఇటూ మిగిలే చెవుల మీదే సి క్లాంపులు వేసి బల్లకు బిగించాలి. పచ్చి కర్ర వద్దు, మెలి తిరిగితే దవడలు కలవవు. ఎం16 (16 మి.మీ. లావు) థ్రెడెడ్ రాడ్డు, అంటే పొడవునా మరలున్నది, 20 సెం.మీ. ముక్కలు రెండు, మధ్య దూరం 38. రెండు దవడలూ కలిపి బిగించి ఒకేసారి బెజ్జం వేయండి. వెనక దవడకు చెరో వైపు నట్టు దించి రాడ్డును కదలకుండా బిగించాలి. ముందు దవడ బయట వాషరు, పిడి వెల్డింగ్ చేసిన నట్టు.

జవాబు 2: ముందు దవడ బెజ్జాలను అడ్డంగా 24 మి.మీ. దాకా సాగదీయండి. గుండ్రంగా బిగుతుగా వదిలేస్తే ఒక వైపు ముందు తిప్పగానే దవడ ఇరుక్కుంటుంది. ఎం16కి నట్టు చుట్టుకు 2 మి.మీ. మాత్రమే జరుగుతుంది, కాస్త ఓపిక కావాలి.

ప్రశ్నించినవారు: పలక జారితే?

జవాబు 2: ఒక దవడకు పలుచని తోలు, గరుకు వైపు బయటికి, ఫెవికాల్‌తో. మరల మీద మాత్రం జిగురు పడనీయకండి.