అమ్మకు లేని చెవి గుంట పాపకెలా వచ్చింది?

ప్రశ్న:
మా పాపకి ఐదో నెల. కుడి చెవి పైన, ముఖానికి అతుక్కునే చోట సూదితో పొడిచినట్టు చిన్న గుంట ఉంది. మొదటిసారి చూసినప్పుడు టెన్షన్ పడ్డాను. పుట్టుకతో వచ్చిందే, భయం లేదన్నారు డాక్టర్. తర్వాత మా మామగారు నవ్వుతూ తన కుడి చెవి చూపించారు. అదే గుంట! కానీ మా ఆవిడకి లేదు, నాకూ లేదు. మధ్యలో ఒక తరాన్ని దాటేసి ఎలా వచ్చింది? ఇంకోటి, పుట్టినప్పుడు బూడిద రంగులో ఉన్న కళ్లు ఇప్పుడు నల్లబడుతున్నాయి. మామూలేనా?

జవాబు 1:
కళ్ల సంగతి మామూలే. కంటికి రంగునిచ్చే మెలనిన్ పుట్టాక మెల్లగా పేరుకుంటుంది. మా వాడికి ఏడాది నిండేదాకా రంగు మారుతూనే ఉంది.

జవాబు 2:
బయాలజీ టీచర్ని. గుంట తరాన్నేమీ దాటలేదండీ, మీ ఆవిడ ద్వారానే వచ్చి ఉంటుంది. జన్యువుల్ని మోసే క్రోమోజోములు మనకి 46, అంటే 23 జతలు. ప్రతి జతలో ఒకటి నాన్నది, ఒకటి అమ్మది. అండం తయారయ్యేటప్పుడు ఆ రెండూ ముక్కలు ఇచ్చిపుచ్చుకుని, జతకొకటి చొప్పున 23 మాత్రమే అందులోకి వెళ్తాయి. అలా మీ మామగారి ముక్క ఒకటి పాపకి చేరింది. ఇలాంటి గుంట కుటుంబంలో నడిచేటప్పుడు చాలాసార్లు జన్యువు ఒక్క కాపీ ఉన్నా చాలు. అయితే ఆ కాపీ ఉన్న అందరిలోనూ గుంట బయటపడదు.

అన్నిటికీ ఇదే లెక్క అనుకోకండి. ఎత్తునైతే వేల జన్యు తేడాలు కలిసి నడిపిస్తాయి, తిండి సంగతి సరేసరి. నాలుక మడవడం ఒక్క జన్యువు పని అని నేనూ ఏళ్ల తరబడి క్లాసులో పట్టిక వేయించాను. జన్యువులు ఒకటే అయిన ఒకే పోలిక కవలల్లో ఒకరు మడిచి, ఇంకొకరు మడవలేకపోవడం 1952లోనే బయటపడిందని చదివాక సిగ్గేసి మానేశాను.

జవాబు 3:
నాకూ ఉంది ఆ గుంట. దాన్ని పిండకండి, గిల్లకండి. ఓసారి చీము పట్టి నానా తిప్పలు పడ్డాను. వాస్తే వెంటనే డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న అడిగినాయన:
టీచరుగారూ, మీ జవాబు చదివి రాత్రి ఫోన్ టార్చ్ వేసి మా ఆవిడ చెవులు వెతికాను. ఎడమ చెవి దగ్గర, జుట్టు కింద, ఆవగింజలో సగం కూడా లేని చుక్క! ఇన్నేళ్లూ మొటిమ మచ్చ అనుకుందట.