కేఐ-67 ఒకచోట 24, ఇంకోచోట 12: ఈ అంకె చూసి అక్కకు కీమో పెట్టించాలా?

కావలి తమ్ముడు:
అందరికీ నమస్కారం. మా అక్కకు 56 ఏళ్లు, నెలసరి ఆగిపోయి చాలా కాలమైంది. ఎడమ రొమ్ములో గడ్డకు ఆపరేషన్ అయిపోయింది. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా. గడ్డ 1.9 సెంటీమీటర్లు, గ్రేడ్ (కణాల తీరు ఎంత చెడ్డగా ఉందో చెప్పే అంకె) 2, చంకలో తీసిన నోడ్స్‌లో (లింఫు గ్రంథుల్లో) ఎక్కడా క్యాన్సర్ లేదు. ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గ్రాహకాలు బలంగా పాజిటివ్. గడ్డను పెంచే ప్రొటీన్ హెర్-2 1+, అంటే నెగిటివ్ అన్నారు. గడ్డ ఎంత వేగంగా పెరుగుతోందో చెప్పే కేఐ-67 మాత్రం నెల్లూరులో 24 శాతం వచ్చింది. అదే బ్లాక్ (గడ్డ ముక్కను మైనంలో దాచిన దిమ్మ) చెన్నైలో చూపిస్తే 12 అన్నారు.

ఇక్కడి డాక్టర్ గారు "20 దాటింది, కీమో పెట్టేద్దాం" అంటున్నారు. అక్కడి మేడమ్ "హార్మోన్ మాత్రలు చాలనిపిస్తోంది, కావాలంటే జబ్బు తిరగబెట్టే రిస్క్ చెప్పే ప్రొటీన్ మార్కర్ల టెస్టు చేయించి తేల్చుకుందాం" అంటున్నారు. కీమో సర్కారు వైద్యసేవ పథకం కింద ఉచితంగా అయిపోతుంది. టెస్టుకు మాత్రం చేతి డబ్బే పెట్టుకోవాలట. రొయ్యల చెరువుల్లో మా బావ ఈ ఏడు బాగా దెబ్బతిన్నారు. ఏం చేయమంటారు?

మినీబైపాస్:
ఉచితంగా వచ్చేదాన్ని వదిలేసి డబ్బు కట్టి టెస్టు చేయించుకోవడం ఏందన్నా? రిస్క్ తక్కువ అని కాగితం ఇస్తారు. రెండేళ్లకు ఎముకల్లోకి పాకితే ఆ ల్యాబ్ వాళ్లు వచ్చి చూస్తారా? మా వదినకు కీమో పెట్టించాం. ఇప్పుడు ఉలవపాడులో మామిడితోట పనులన్నీ తనే చూసుకుంటోంది. అనుమానం ఉన్నప్పుడు పెద్ద వైద్యమే మంచిది.

కొండపి కోడలు:
ఆ 'ఉచితం' అన్నమాటతోనే నాకు పేచీ. నేను కీమో తీసుకున్నదాన్నే. జుట్టు మళ్లీ వచ్చింది, దాని గురించి బాధ లేదు. వేళ్ల చివర్లలో తిమ్మిరి మాత్రం పోలేదు. మల్లెపూలు కట్టడానికి కూర్చుంటే దారం వేళ్ల మధ్య ఉందో, జారిపోయిందో చూస్తేగానీ తెలియదు. నాకు మూడు నోడ్స్‌లో ఉంది, హెర్-2 కూడా 3+. కాబట్టి కీమో తప్పనిసరి, తీసుకున్నందుకు చింత లేదు. కానీ అవసరం లేని మనిషికి "ఫ్రీయే కదా" అని ఎక్కించడం వేరే సంగతి. బిల్లు సర్కారు కడుతుంది, తిమ్మిరి మనకే మిగులుతుంది.

పాథాలజీ పీజీ:
తమ్ముడు గారూ, 24, 12 రెండూ రావచ్చు. ఎవరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. విభజన చెందుతున్న కణాల్లో కనిపించే ప్రొటీన్ ఈ కేఐ-67. స్లైడ్ మీద రంగు పట్టిన కణాలను లెక్కబెట్టి శాతం చెబుతాం. అయితే గడ్డ అంతటా అది ఒకేలా ఉండదు. ఎక్కువ రంగున్న చోట లెక్కబెడితే ఒక అంకె, అంతటా సగటు తీస్తే ఇంకో అంకె. కాలవ పక్క మడి చూసి చేనంతా ఎకరానికి ఇన్ని పుట్లు అన్నట్టు ఉంటుంది ఒక్కోసారి.

20 అనే గీత కూడా దేవుడు గీసింది కాదు. 2011లో సెయింట్ గాలెన్ రొమ్ము క్యాన్సర్ సదస్సు నిపుణులు 14 అన్నారు, తర్వాత 20 దగ్గరికి వచ్చారు. కేఐ-67 మీద పనిచేసే అంతర్జాతీయ బృందం 2021లో చెప్పింది ఏమిటంటే, మీ అక్కలాంటి ఈఆర్ పాజిటివ్, హెర్-2 నెగిటివ్ తొలి దశ కేసుల్లో 5 లేదా అంతకు తక్కువైతే, 30 లేదా అంతకు ఎక్కువైతే ఈ అంకెను నమ్మి నిర్ణయించవచ్చు. మధ్యలోది నమ్మకమైన ఆధారం కాదు. మీకు వచ్చిన రెండూ మధ్యలోవే.

ఫార్మలిన్ వాసన:
ఒంగోలు వైపు ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. డాక్టర్ గారు స్లైడ్ నుంచి మొదలుపెట్టారు, నేను సీసా నుంచి చెబుతాను. శనివారం సాయంత్రం ఆపరేషన్ అవుతుంది. తీసిన రొమ్మును కోయకుండా అలాగే చిన్న డబ్బాలో కుక్కి, పైన కాస్త ఫార్మలిన్ (ముక్క పాడవకుండా కాపాడే ద్రవం) పోసి పంపుతారు. సోమవారం మూత తీస్తే పైన గట్టిగా, లోపల గడ్డ దగ్గర పచ్చిగా ఉంటుంది. ఫార్మలిన్ గంటకు ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి దిగుతుంది మరి. సెలైన్‌లో వేసి పంపిన బయాప్సీ ముక్కలు కూడా చూశాను. ముక్క తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, అందులో 6 నుంచి 72 గంటలు ఉండాలి. ఇది దాటితే ప్రొటీన్లు పాడైపోతాయి, ఈఆర్ ఉన్నవాళ్లకు కూడా లేదని రావచ్చు. అప్పుడు మీ ప్రొటీన్ మార్కర్ల టెస్టు చేసేదీ ఆ పాడైన ముక్క మీదే.

మినీబైపాస్:
అయితే ఇద్దరూ కలిసి ఏ అంకెనూ నమ్మొద్దంటున్నారు. ఇక ఈఆర్, హెర్-2 మాత్రం ఎందుకు నమ్మాలబ్బా?

పాథాలజీ పీజీ:
అవి వేరండీ. హెర్-2 3+ అయితే దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు పనిచేస్తుంది. 2+ అయితే ఫిష్ అనే ఇంకో పరీక్షతో తేలుస్తారు. ఈఆర్ ఉంటే మాత్రలు పనిచేస్తాయి. ఏ మందు ఇవ్వాలో చెప్పే మార్కర్లు అవి. జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంత అన్నది మరో ప్రశ్న, ఈ కొత్త టెస్టులు దానికోసం.

2018లో వచ్చిన టైలర్ఎక్స్ ట్రయల్‌లో 10 వేల పైచిలుకు మంది మహిళలున్నారు. నోడ్స్‌లో జబ్బు లేక, గడ్డలోని 21 జన్యువులు చూసి రిస్క్ చెప్పే పరీక్షలో స్కోరు 11 నుంచి 25 మధ్య ఉన్నవాళ్లలో మాత్రలు మాత్రమే వాడినవాళ్లు కీమో కూడా తీసుకున్నవాళ్లకు తీసిపోలేదు. 50 ఏళ్లు, అంతకు లోపు వయసువాళ్లలో 16 లేదా అంతకు ఎక్కువైతే మాత్రం కీమోతో కొంత లాభం కనబడింది. కాకపోతే ఆ జన్యు పరీక్షకు ముక్క అమెరికా వెళ్లాలి, ఖర్చు లక్షల్లో. బెంగళూరులో తయారైన క్యాన్‌అసిస్ట్ బ్రెస్ట్ దానికంటే చవక. సీడీ44, రెండు క్యాడ్హెరిన్ మార్కర్లు, ఏబీసీసీ4, ఏబీసీసీ11 అనే ప్రొటీన్లు చూసి, గడ్డ సైజు, గ్రేడ్, నోడ్స్ కలిపి స్కోరు ఇస్తుంది. 15.5 దాటితే రిస్క్ ఎక్కువ కింద లెక్క. మన దేశపు రోగుల మీదే పరీక్షించారన్నది మంచి విషయం. కానీ నేను చదివినవన్నీ పాత బ్లాకుల మీద, ఫలితం ముందే తెలిసిన కేసుల మీద చేసినవి. టైలర్ఎక్స్ బరువు వాటికి లేదు. అయినా మీ అక్క విషయంలో చేయించమనే నేనంటాను.

కావలి తమ్ముడు:
సీఏ 15-3 అనే క్యాన్సర్ మార్కర్ రక్తపరీక్ష నార్మల్ వచ్చింది. అది సరిపోదా?

పాథాలజీ పీజీ:
సరిపోదు. తొలి దశలో చాలామందికి అది నార్మల్‌గానే ఉంటుంది. కీమో నిర్ణయానికి దాన్ని వాడరు.

మోడరేటర్:
ఆసుపత్రుల పేర్లు పెట్టి తిట్టిన పోస్టులు తీసేశాం. మందుల డోసులు ఇక్కడ రాయకండి.

ఫార్మలిన్ వాసన:
డాక్టర్ గారితో ఒకచోట విభేదిస్తాను. ముందే టెస్టుకు డబ్బు కట్టొద్దు. ముక్క ఎప్పుడు తీశారు, ఎప్పుడు ఫార్మలిన్‌లో వేశారు అని ఆపరేషన్ జరిగిన చోట అడగండి. గ్రేడ్ కూడా చెన్నైలో మళ్లీ చూడమనండి, గ్రేడ్ చెప్పడంలోనూ తేడాలొస్తాయి. రెండు రిపోర్టులూ ఒకే మేడమ్ ముందు పెట్టాక కూడా తేలకపోతే అప్పుడు కట్టండి.

కొండపి కోడలు:
తమ్ముడూ, ఇంతమందిమి మాట్లాడుతున్నాం, అక్కను అడిగావా? రిస్క్ తక్కువ అన్నా భయంతో నిద్రపోలేని మనిషా, కొంత రిస్క్ ఉన్నా సరే కీమో వద్దనే మనిషా? అది ఏ స్కోరులోనూ రాదు.

కావలి తమ్ముడు:
అడిగాను అక్కా. "అవసరమైతే చేయించుకుంటా, ఊరికే అయితే వద్దు" అంది. అవసరమా కాదా అన్నదే కదా గొడవంతా! ఈ వారం బ్లాక్ తీసుకుని పినాకిని రైలుకు చెన్నై వెళ్తున్నాం. బ్లాక్ ఇవ్వమంటే ఇస్తారా?

ఫార్మలిన్ వాసన:
రాసిచ్చి అడిగితే ఇస్తారు. బ్లాక్ మీద నంబరు, రిపోర్టులో నంబరు ఒకటేనా చూసుకోండి. అది మైనం. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డ్ మీద మాత్రం పెట్టకండి, కరిగిపోతుంది.

మినీబైపాస్:
నా మాట మాత్రం మారదు. అయినా వెళ్లిరండి, ఏం చెప్పారో ఇక్కడ రాయండి.