చపాతీలో పన్నీరు పెట్టి మడిస్తే అది కెసడియానా?

పాలకొల్లు కోడలు:
నిన్న రాత్రి పిల్లలు అడిగారని కెసడియా చేశాను, అదే, రొట్టెలో చీజ్ లాంటివి పెట్టి మడిచి కాల్చే మెక్సికో వంటకం. పొద్దున మిగిలిన చపాతీలు, పన్నీరు తురుము, ఉల్లిపాయ, క్యాప్సికం. సగానికి మడిచి పెనం మీద కాల్చాను. పిల్లలు లొట్టలేసుకుంటూ తిన్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన మా మరిది మాత్రం "వదినా, దీన్ని పన్నీరు చపాతీ అనండి, కెసడియా అనకండి" అన్నాడు. ఒళ్లు మండింది. అవునా కాదా, మీరే తేల్చండి.

భీమవరం రొయ్య:
మీ మరిదిగారిదే కరెక్టండి. పేరులోనే ఉంది కదా, స్పానిష్‌లో కేసో అంటే చీజ్. అది కరిగి రెండు పొరల్నీ పట్టుకోవాలి. పన్నీరు పాలు విరగ్గొట్టి చేసింది, ఎంత కాల్చినా పొడిపొడిగానే ఉంటుంది. మొజరెల్లా వేడినీళ్లలో సాగదీసి చేసేది, సెగ తగిలితే చాలు తీగలా సాగుతుంది. మెక్సికోవాళ్ల ఒహాకా చీజ్ కూడా సాగదీసిందే, దారపు ఉండలా చుట్టి ఉంటుంది. పులుపే వెయ్యకుండా పులిహోర అంటే ఊరుకుంటారా?

అంబాజీపేట కొబ్బరి:
రొయ్యగారూ, కాస్త ఆగండి. అసలు మెక్సికో నగరంలోనే కెసడియా అడిగితే "చీజ్ వెయ్యాలా, వద్దా?" అంటారు. మిగతా ఊళ్లవాళ్లు ఇదేం చోద్యమని వాళ్లని ఏడిపిస్తూనే ఉంటారు, ఈ గొడవ అక్కడే తెగలేదు. పుట్టగొడుగులు, బంగాళాదుంప, గుమ్మడి పువ్వు కూడా పెడతారు. అవునండీ, మనం సంక్రాంతికి గొబ్బెమ్మ మీద పెట్టే పువ్వే! పట్టింపు ఉంటే రొట్టె మీద ఉండాలి. అసలు రొట్టె మొక్కజొన్నది. అయితే ఉత్తరాన సోనోరా వైపు గోధుమ రొట్టెలే ఎక్కువ, కాబట్టి చపాతీ మీద పెట్టిన కేసు నిలవదు.

రావులపాలెం అరటి:
ఆ మొక్కజొన్న మాట నమ్మి పిండి తెచ్చి చేశానండి. ఒక్కటి మడతపడితే ఒట్టు! పెనం మీద ఇండియా మ్యాపులా విరిగింది.

అంబాజీపేట కొబ్బరి:
తప్పు మీ చేతిది కాదు, సున్నం లేదు. తాంబూలంలో రాసుకునే సున్నమే. వాళ్లు గింజల్ని సున్నం నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగి రుబ్బుతారు. ముద్దకి పట్టు దానివల్లే వస్తుంది. మన పిండిని వేణ్ణీళ్లతో కలిపి జొన్నరొట్టెలా తడితే కొంత నయం, కానీ మడతకి ఆగదు. మడవకండి, రెండు రొట్టెల మధ్య పెట్టి కాల్చండి.

భీమవరం రొయ్య:
సరే, చీజ్ లేనిది కూడా ఉందని ఒప్పుకుంటున్నాను. నేను మాత్రం తినను.
ఒక ముక్క చెబుతా, పనికొస్తుంది. మొదటిసారి నేను రొయ్యల ఇగురు అలాగే పెట్టేశాను. మసాలా నీరూ చీజూ కలిసి పెనమంతా పాకింది, చపాతీ చూస్తే తడిగుడ్డ. ఇప్పుడు చిన్న రొయ్యల్ని ఉప్పు, పసుపు, కారం వేసి నీరంతా ఇగిరేదాకా వేయించి, చల్లారాక పెడుతున్నాను. కింద చీజ్, మధ్యలో రొయ్యలు, పైన మళ్లీ చీజ్. ఇనప పెనం, సన్న సెగ, నూనె చుక్క చాలు. మంట పెద్దది చేస్తే చపాతీ మాడుతుంది, చీజ్ మాత్రం కరగదు. అంచులోంచి కాస్త కారి పెనానికి అంటుకున్నది ఎర్రగా, అప్పడంలా కరకరలాడుతుంది. అట్లకాడతో గీరి పెడితే మా నాన్నగారు కెసడియా పక్కన పెట్టి అదే తిన్నారు.

పాలకొల్లు కోడలు:
పన్నీరు మానలేదండీ, గుప్పెడు మొజరెల్లా కలిపాను. ఈసారి పొరలు పట్టుకున్నాయి. మరిది ఊరెళ్లిపోయాడు, ఫొటో పంపితే నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. కొబ్బరిగారూ, పెరట్లో గుమ్మడిపాదు ఉంది. పువ్వులు కోసేస్తే కాయలు పోవా?

అంబాజీపేట కొబ్బరి:
మగపువ్వులు కోయండి. కింద పిందె లేకుండా సన్నటి కాడతో ఉండేవి. నాలుగైదు పాదుకి వదిలెయ్యండి, లేకపోతే ఆడపువ్వులు కాయ కట్టవు. పొద్దున్నే కోసి, లోపలి కేసరం తుంచేసి, చీమలుంటాయి దులుపుకోండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చితో రెండు నిమిషాలు వేయిస్తే చాలు.