ఉప్పుగాలి ఊళ్లో మారుతి 800కి ఇంటి దగ్గరే స్ప్రే గన్‌తో పెయింట్ వేయొచ్చా?

కళింగపట్నం_కుర్రాడు:
అందరికీ నమస్తే. నాన్న వాడిన సిల్వర్ మారుతి 800 ఇప్పుడు నా దగ్గర ఉంది. ఇంజన్ బాగానే ఉంది. సముద్రపు గాలికి డోర్ల కింది అంచులు, వెనక చక్రాల పైన రేకు తుప్పు పట్టాయి. బానెట్ మీద క్లియర్ (రంగు పైన ఉండే పారదర్శక పూత) పెచ్చులుగా లేచిపోతోంది. శ్రీకాకుళంలో టింకరింగ్, పెయింటింగ్ కలిపి చెప్పిన రేటు మాకు అందేది కాదు. మావయ్య దగ్గర 1 హెచ్‌పీ కంప్రెసర్ ఉంది, గన్ నేను కొనుక్కుంటాను. ఇంటికి ఆనుకున్న రేకుల షెడ్డులో టూకే పెయింట్ (హార్డ్‌నర్ అనే గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టేది) కొడదామని ఆలోచన. కంప్రెసర్ సరిపోతుందా? ఏ నెలలైతే మంచిది? నాన్నకి ఆ బండంటే ప్రాణం, బాగా రావాలి.

విజయనగరం_పెయింటర్:
తమ్ముడూ, నేను టింకరింగ్ షెడ్డులో పెయింటర్‌ని. కంప్రెసర్ కంటే ముందు హార్డ్‌నర్ సంగతి చెప్పాలి. టూకేలో కలిపే హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. గన్‌లోంచి సన్నటి తుంపరగా వచ్చినప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా పట్టుకునే ప్రమాదం ఉంది. ఒంటికి ఒకసారి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కాస్త తగిలినా ఆయాసమే. ముక్కుకి తువ్వాలు కట్టుకున్నా, ఎన్95 పెట్టుకున్నా లాభం లేదు. కార్బన్ డబ్బాల మాస్కు కొంత ఆపుతుంది కానీ, ఆ డబ్బా పని అయిపోయిన సంగతి మనకి తెలీదు, ఎంచేతంటే ఐసోసైనేట్‌కి హెచ్చరించేంత వాసన ఉండదు. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కే సరైనది. మీ షెడ్డు ఇంటికి ఆనుకుని ఉందన్నారు, ఇంట్లోవాళ్లు కూడా అదే గాలి పీలుస్తారు. నాతోపాటు ఈ పనిలోకి వచ్చిన వాళ్లలో ఇప్పుడు మేడ మెట్లు ఎక్కలేని వాళ్లున్నారు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

క్లియర్ కోటు బూత్ (గాలి వడపోసి బయటికి లాగే పెయింటింగ్ గది) ఉన్న షెడ్డులో కొట్టించుకోండి. మిగతా చేతిపనంతా మీరే చేయండి, రేటులో పెద్ద భాగం దానికే పోతుంది.

ముందు షాంపూ నీళ్లతో ఉప్పంతా పోయేలా కడగండి. తుప్పు ఉన్నచోట 80 నంబర్ పేపర్‌తో తెల్లటి రేకు కనపడేదాకా గీకాలి. చిల్లు పడితే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. తుప్పు మీద పుట్టీ మెత్తితే వానాకాలం దాటేసరికి మళ్లీ ఉబ్బుతుంది. తెల్ల రేకు మీద ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు ఆపే అడుగు పూత) బ్రష్‌తో వేసి, ఆరాక గరుకు చేసి, ఆ పైన పుట్టీ పెట్టండి. పుట్టీని నీళ్లతో రుద్దొద్దు! అది నీరు పీల్చుకుంటుంది, తర్వాత పెయింట్ కింద బొబ్బలు లేస్తాయి. మన తీరంలో ఎక్కువగా చెడేది ఇక్కడే. పొడి పేపర్ 80, 180, 320 వరుసలో, చెక్క దిమ్మ మీద చుట్టి రుద్దండి. పైన పల్చగా నల్ల రంగు చల్లి రుద్దితే, నలుపు మిగిలిన చోట పల్లం ఉన్నట్టు.

పలాస_జీడితోట:
కంప్రెసర్ గురించి నేను చెప్తాను. 1 హెచ్‌పీది నిమిషానికి నాలుగు క్యూబిక్ అడుగులకి అటూ ఇటూ గాలి ఇస్తుంది. పెద్ద హెచ్‌వీఎల్‌పీ గన్‌లు (తక్కువ ప్రెషర్‌తో ఎక్కువ గాలి వాడేవి) పదికి పైనే అడుగుతాయి. డోరు సగంలో ప్రెషర్ పడిపోయి పెయింట్ చుక్కలుగా పడుతుంది. చిన్న గన్‌తో ఒక్కో ప్యానెల్ చేసుకుంటే ఫర్వాలేదు. రోజూ ట్యాంకు కింది వాల్వు తిప్పి నీళ్లు వదిలేయండి, గన్ ముందు గాల్లో నీటిని పట్టేసే వాటర్ ట్రాప్ పెట్టండి. సంక్రాంతి తర్వాత మంచు విడిచాక, పొద్దున పది దాటి కొట్టండి. ముసురులో ఎన్‌సీ పెయింట్ (నైట్రో సెల్యులోజ్, హార్డ్‌నర్ లేకుండా థిన్నర్ ఆవిరై ఆరేది) కొడితే తెల్లగా మసకబారుతుంది, థిన్నర్ ఆరేటప్పుడు రేకు చల్లబడి గాల్లో తేమంతా దాని మీదే చేరుతుంది.

కళింగపట్నం_కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అన్నా. హార్డ్‌నర్ సంగతి ఇంత ఉందని ఇక్కడ ఎవరూ చెప్పలేదు. అయితే ఎన్‌సీ కొట్టేస్తే హార్డ్‌నర్ గొడవ ఉండదు కదా? గన్ నేనే పట్టాలని ఉంది.

విజయనగరం_పెయింటర్:
ఎన్‌సీలో ఐసోసైనేట్ లేదు, నిజమే. కానీ థిన్నర్ ఆవిరి తలకెక్కుతుంది, నిప్పు అంటుకుంటుంది. పొయ్యి, దేవుడి దీపం దగ్గర్లో ఉండకూడదు. పైగా సముద్రం పక్కన ఎన్‌సీ ఎక్కువ కాలం మెరుపు నిలబెట్టుకోదు. పాత ఫెండరు మీద చెయ్యి సాధనకి మాత్రం అదే కొట్టండి. 1.4 మి.మీ. నాజిల్, జానెడు దూరం, ముందు గీత మీద సగం పడేలా. చేతి మణికట్టు తిప్పకుండా భుజంతో జరపండి.

మీ కోరిక నాకు అర్థమైంది. క్లియర్ కింద వేసే రంగు పూత, అంటే సిల్వర్ బేస్ కోటులో మామూలుగా హార్డ్‌నర్ ఉండదు, డబ్బా మీద చూసుకోండి. కాబట్టి బూత్‌లో పెయింటర్ పక్కన నిలబడి, కార్బన్ మాస్కుతో బేస్ మీరే కొట్టండి. సిల్వర్‌లో అల్యూమినియం రేణువులు ఉంటాయి, తడి ఎక్కువైన చోట మునిగిపోయి నల్లటి మచ్చలు పడతాయి. చివరి కోటు కాస్త దూరం నుంచి పల్చగా చల్లితే ఆ మచ్చలు సర్దుకుంటాయి. తర్వాత మీరు బయటికి వచ్చేయండి, క్లియర్ ఆయన కొడతాడు. ఇలా ఒప్పుకునే షెడ్డు వెతకండి, ఒప్పుకునేవాళ్లు ఉంటారు.

ఇంకో మాట. పాత పెయింట్ మీద గుడ్డతో థిన్నర్ రుద్ది చూడండి. రంగు గుడ్డకి దిగితే అది ఎన్‌సీ, ఎవరో ఎప్పుడో వేయించినది. దాన్ని పూర్తిగా గీకేశాకే ప్రైమర్ మొదలుపెట్టండి.