బొగ్గుబాయి రాయిలో సాలీడు ఉంటుందా?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
మా బావ భూపాలపల్లి బొగ్గుబాయిలో చేస్తాడు. మొన్న అరచేయంత రాయి తెచ్చాడు. మధ్యలో చుక్క, చుట్టూ కాళ్లలాగా సన్నటి గీతలు. మా బిడ్డ ఫోన్‌లో మెగారాక్నే అనే పాతకాలపు రాకాసి సాలీడు బొమ్మ వెతికి, ఇది దాని పిల్లే అంటోంది. అంత పెద్ద సాలీడు నిజంగా ఉండేదా? రాత్రి లైటు తీస్తే చాలు, టెన్షన్ పడుతోంది.

జవాబు:
మెగారాక్నే సాలీడే కాదు బ్రో. అర్జెంటీనాలో దొరికితే 1980లో సాలీడని రాశారు. 2005లో మళ్లీ చూసి యూరిప్టెరిడ్ అన్నారు, సముద్రపు తేళ్లంటారే, ఆ గుంపు. పాపను హాయిగా పడుకోమనండి.

జవాబు (రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, గోదావరిఖని):
ముందు గీతలు లెక్కపెట్టండి. ఎనిమిది దాటితే అది మొక్క అయ్యే అవకాశమే ఎక్కువ. మన గోదావరి లోయ బొగ్గు పెర్మియన్ కాలానిది, అంటే డైనోసార్ల కంటే ముందటిది. గోండ్వానా (ఇండియా కూడా కలిసి ఉన్న పాత మహాఖండం) బొగ్గు పొరల్లో గ్లోసోప్టెరిస్ అనే అంతరించిన చెట్టు ఆకులే కాదు, కణుపు చుట్టూ ఆకులు వేసే మొక్కల ముద్రలు కూడా ఉంటాయి. రాయిని కొంచెం తడిపి, టార్చి పక్కనుంచి కొట్టి చూడండి. కాలైతే కీళ్లు కనిపించాలి, మోకాలి దగ్గర వంగాలి. ఆకు గీత సూటిగా పోతుంది.

బొగ్గు అడవుల్లో నిజంగా తిరిగినవి ట్రైగోనోటార్బిడ్లు. చూడ్డానికి సాలీళ్లే, కానీ పట్టు తీసే అవయవాల్లేవు. పొట్ట పైభాగమంతా పలకలు పలకలుగా ఉంటుంది. చాలావాటికి ఒళ్లు ఒకటి రెండు సెంటీమీటర్లు మించదు. స్కాట్లాండులోని రైనీలో వేడినీటి ఊటల సిలికా వీటిని ఉన్నవున్నట్టు పట్టేసింది. ఆ రాయిని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటి ఊపిరితిత్తుల మడతలు పొరపొరా కనిపిస్తాయి! నన్నడిగితే డైనోసార్లకంటే ఇదే గొప్ప. మన దగ్గర పేరంతా కోటసారస్‌కే, ఏం చేస్తాం.

జవాబు:
సార్, తోక ఉన్న సాలీడు కూడా ఉండేదట కదా?

జవాబు (లెక్చరర్):
మీరు విన్నది అటెర్కోపస్ గురించి కావచ్చు. న్యూయార్క్ రాష్ట్రం గిల్బోవాలో దొరికింది. 1989లో తొలి సాలీడన్నారు. 2008లో చూస్తే పట్టు వచ్చే సన్నటి గొట్టాలున్నాయి గానీ స్పిన్నరెట్లు (సాలీడు పట్టు తీసే, వేళ్లలా కదిలే అవయవాలు) లేవు, పైగా తోక! ఇంకోటి కైమెరారాక్నే. మయన్మార్ అంబర్‌లో (గట్టిపడి రాయైన చెట్టు జిగురులో) చిక్కిన దీని సంగతి 2018లో బయటికొచ్చింది. దీనికి స్పిన్నరెట్లూ ఉన్నాయి, తోకా ఉంది. సుమారు పది కోట్ల ఏళ్ల నాటిది. ఒళ్లు రెండున్నర మిల్లీమీటర్లు, తోక దానికంటే పొడవు.

ప్రశ్న అడిగినాయన:
టార్చి వేసి చూశాం సార్. గీతలు పదకొండు, కీళ్లు లేవు. బిడ్డ మాత్రం ఒప్పుకోవట్లేదు. ఆ మిగిలిన మూడూ పక్క సాలీడువట.