కౌద్దాలికులా, గౌద్దాలికులా?

వర్జీనియా నుంచి:
అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒక పద్యపాదం నాలుక చివర ఆడుతోంది గానీ పూర్తిగా దిగిరావట్లేదు. "...కందమూల గౌద్దాలికులైన నేమి". దీనికి ముందు హాలికులున్నారు, వెనక పెళ్ళాం పిల్లలున్నారు. అంతవరకే గుర్తుంది. అది గౌ నా, కౌ నా? మా తాతయ్య గౌ అనేవారు. నెట్‌లో చూస్తే రెండూ కనిపిస్తున్నాయి.

ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందంటే, ఇక్కడి మన సంఘం సంచికకి సామ్ స్నీడ్ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. పాతతరం గోల్ఫర్. పీజీఏ టూర్‌లో 82 గెలుపులు. 2019లో టైగర్ వుడ్స్ వచ్చి పక్కన నిలబడేదాకా ఆ అంకె దగ్గరికి ఎవరూ రాలేదు. పుట్టింది మా రాష్ట్రంలోనే, హాట్ స్ప్రింగ్స్ పక్కన ఆష్‌వుడ్ అనే చిన్న ఊళ్ళో, 1912లో. ఆయన పేరెత్తితే చాలు, పత్రికలు 'హిల్‌బిల్లీ' అని మొదలుపెట్టేవి. ఆ మాటకి తెలుగు దొరకడం లేదు. 'కొండప్రాంతపు మోటు మనిషి' అని రాసి కొట్టేశాను.

అరసున్న:
కౌ. సందేహం అక్కర్లేదు. సంస్కృతంలో కుద్దాలం అంటే గుద్దలి, దాంతో పని చేసేవాడు కౌద్దాలికుడు. హలం నుంచి హాలికుడు వచ్చినట్టే. 'కందమూల కౌద్దాలికులు' మొత్తం సంస్కృత సమాసం. మధ్యలో క వచ్చి గ అవడానికి ఏ సూత్రం ఒప్పుకుంటుంది?

నిఘంటువు పురుగు:
సూత్రం ఒప్పుకోదు, నోరు ఒప్పుకుంటుంది. తెలుగువాడి చేతిలో ఉన్నది గుద్దలి. 'గౌ' అంటే వెంటనే గుద్దలి కనిపిస్తుంది. 'కౌ' అంటే ఎవరికి కనిపిస్తుంది, అరసున్న గారికి తప్ప?

అరసున్న:
అలాగైతే హాలికుడిని 'నాగాలికుడు' అందామా? దేశ్యపదానికి సంస్కృత వృద్ధి (కుద్దాలంలో ఉ ని ఔ చేసినట్టు) తగిలించడం ఎక్కడైనా చూశారా?

ఓరుగల్లు పిల్లగాడు:
పద్యం పూర్తిగ పెట్టకుండ కొట్లాడుతున్నరు. వ్యాసం రాసే అన్న కోసం:
బాలరసాలసాల నవపల్లవ కోమల కావ్యకన్యకన్
కూళల కిచ్చి యప్పడుపు కూడు భుజించుటకంటె సత్కవుల్
హాలికులైన నేమి గహనాంతర సీమలఁ గందమూల కౌ
ద్దాలికులైన నేమి నిజదార సుతోదర పోషణార్థమై
కావ్యకన్యను కూళలకిచ్చి ఆ కూడు తినేకంటె, పెళ్ళాం పిల్లల పొట్ట కోసం సత్కవులు నాగలి పట్టినా, అడవిల దుంపలు తవ్వినా ఏంది అని. మా పోతన్నది. మా బమ్మెరది.

కడప కారం:
మీ బమ్మెర ఎప్పుడైందప్పా? ఒంటిమిట్ట రామయ్యని అడుగు చెప్తాడు.

ఓరుగల్లు పిల్లగాడు:
పోతన్న ఊరని చెప్పే ఏకశిలానగరం అంటె ఓరుగల్లు. ఒంటి మిట్టల ఒంటి చూసి ఏకశిల అనుకుంటే ఎట్లన్నా?

పాత బాలశిక్ష (నిర్వాహకులు):
ఊరి గొడవ పోయిన ఏడాది 214 కామెంట్ల దాకా వెళ్ళింది. మళ్ళీ వద్దు. అక్షరం మీదే ఉండండి.

ఛందోభంగం:
అక్షరం దగ్గరికే వస్తున్నా. ఉత్పలమాల, పాదానికి ఇరవై అక్షరాలు. మనం కొట్టుకుంటున్న అక్షరం మూడో పాదంలో సరిగ్గా ఇరవయ్యోది. యతి (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొంతన) పదో అక్షరం దగ్గర అయిపోయింది (హా కి, గహన+అంతర లోని అకారానికి). ప్రాస రెండో అక్షరం. అంటే క ని గానీ గ ని గానీ కాపాడే కాపలా ఒక్కటీ లేదు. ప్రాస స్థానంలో ఉంటే ఈపాటికి తేలిపోయేది. గోడ చివర ఇటుక కదా, ఎవరు తన్నినా కదులుతుంది.

ఇంకో మాట. దానికి ముందున్న 'సీమలఁ గందమూల' చూడండి. సీమలన్ + కంద. ద్రుతం (చివరి న్) మీద పరుషం (క) సరళమైంది (గ), కాబట్టి అక్కడ గ సరైనదే. నాలుగక్షరాల అవతల ఉన్న క కి ఆ గ అంటుకుందని నా అనుమానం. పుటల్లో కందమూల అని క ని నిలబెట్టి, ఆ గ ని తెచ్చి కౌ మీద వేశారు.

అరసున్న:
మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నాను. తేదీ రాసిపెట్టుకోండి.

నిఘంటువు పురుగు:
అంటువ్యాధి సిద్ధాంతం బాగుంది. ఆధారం?

ఛందోభంగం:
గుద్దలి సిద్ధాంతానికి ఉన్నంతే.

వర్జీనియా నుంచి:
చాలా నేర్చుకున్నాను, థ్యాంక్స్. హిల్‌బిల్లీ సంగతి కూడా కాస్త చూడండి. బైతు అనొచ్చా?

నిఘంటువు పురుగు:
బైతు మంచి మాటే. బయలు, బయటికి చుట్టమని నా ఊహ. ఊరి బయటివాడు బైతు.

అరసున్న:
ట, త గా ఎప్పుడు మారింది? వద్దులెండి, ఇవాళ్టికి కౌ చాలు.

తాటిముంజె:
మా కాలేజీలో అయితే 'ఎర్రబస్సు' అనేవాళ్ళు. "వీడెవడ్రా, ఎర్రబస్సు దిగొచ్చాడు". నేను నిజంగానే ఎర్రబస్సులో వచ్చేవాణ్ణి, పాస్ కూడా ఉండేది. దీన్ని మించిన తెలుగు హిల్‌బిల్లీ లేదు.

వర్జీనియా నుంచి:
మాట బాగుంది గానీ, స్నీడ్ కొండల్లో పెరిగినవాడు. ఎర్రబస్సు ఎక్కిస్తే అపలాచియన్ కొండలు దిగి గుడివాడ బస్టాండుకొచ్చేస్తాడు.

అసలు చిక్కేమిటో చెప్తాను. పత్రికలు రాసిన కొండమనిషి వేరు, మనిషి వేరు. 1937 జనవరిలో ఓక్లండ్ ఓపెన్ గెలిచాడు. న్యూయార్క్ పేపర్లో ఫోటో పడింది. ఫ్రెడ్ కోర్కొరన్ అని, టోర్నమెంట్లు నడిపేవాడు, ప్రచారంలో దిట్ట, తర్వాత ఇతనికే మేనేజర్. అతను పేపర్ చూపిస్తే, "నేనెప్పుడూ న్యూయార్క్ పోనే లేదు, నా ఫోటో వాళ్ళకెలా దొరికింది?" అన్నాడట. దేశమంతా నవ్వింది. డబ్బంతా టమాటా డబ్బాల్లో పెట్టి పెరట్లో పాతిపెడతాడని జోకులు. 1942లో మాస్టర్స్ టోర్నీ జరిగే అగస్టాలో బూట్లు విప్పేసి ఉత్త కాళ్ళతో కొన్ని హోల్స్ ఆడాడు. బట్టతల మీద ఎప్పుడూ గడ్డి టోపీ.

కానీ ఈయన పెరిగింది హోమ్‌స్టెడ్ పక్కన. అది అడవి కాదు, డబ్బున్నవాళ్ళు వేడినీళ్ళ స్నానాలకి వచ్చే పెద్ద హోటల్, దానికో గోల్ఫ్ కోర్సు. చెట్టుకొమ్మ చెక్కుకుని కర్ర చేసుకున్న మాట నిజమే. గోల్ఫ్ బ్యాగులు మోసింది మాత్రం పట్నం పెద్దమనుషులవి. వాళ్ళు ఏం చూసి నవ్వుతారో చిన్నప్పటి నుంచీ దగ్గరగా చూసినవాడు. ఫోటో మాట అమాయకంగా అన్నాడో, ఆడి అన్నాడో నాకు తేలడం లేదు.

కడప కారం:
ఆడి అన్నాడు. నేను చెప్తా విను. మాది ప్రొద్దుటూరు. హైదరాబాద్ హాస్టల్లో చేరిన మొదటి రోజే ఒకడు, "అన్నా, మీ ఇంట్లో సుమోలెన్ని?" అన్యాడు. మా నాయనకు ఉండేది ఒక కుట్టుమిషను. మొదటి నెల కోపమొచ్చేది. రెండో నెల, "రెండున్యాయి, ఒకటి రిపేరుకిచ్చినాం" అనేవాణ్ణి. మూడో నెలకి నాకు మెస్సులో లైను లేదు. ముందుకు పోనిచ్చేవాళ్ళు.

తాటిముంజె:
😂 నాలుగో నెల?

కడప కారం:
నాలుగో నెల హాస్టల్లో ఎవరి సెల్‌ఫోనో పోయింది. ఫస్ట్ నా రూమే వెతికినారు.

ఓరుగల్లు పిల్లగాడు:
అన్నా, ఇది చదివినంక ఒంటిమిట్ట నీకే ఇచ్చేద్దామనిపిస్తుంది. కానీ ఇయ్య.

మేడమీద పంతులమ్మ:
ఇంతమంది పండితులున్నారు, పద్యం వెనక కథ ఒక్కరూ ఎత్తలేదు. శ్రీనాథుడు పల్లకీలో వచ్చి, పొలం దున్నుతున్న పోతనని చూసి "హాలికులకు సేమమా?" అంటాడు. దానికి జవాబుగా ఈ పద్యమని చెప్పుకుంటారు. చరిత్ర కాదు, కథే. వాళ్ళిద్దరూ బావామరదులన్నది కూడా అందులో భాగమే. అయినా కథ కట్టినవాడికి పద్యం బాగా తెలుసు. 'హాలికులు' అన్న మాట పోతనది కాదు, పల్లకీలోంచి వచ్చింది. ఆయన దాన్ని తీసుకుని 'ఐన నేమి' తగిలించాడు.

ఇప్పుడు మీరు కొట్టుకుంటున్న రెండో మాట చూడండి. కౌద్దాలికులని శ్రీనాథుడు అనలేదు. వెక్కిరించినవాడు నాగలి దగ్గర ఆగాడు. ఈయనే ఇంకా ముందుకెళ్ళి, పొలం కూడా వదిలేసి, అడవిలో దుంపలు తవ్వుకునేవాడి దాకా పోయాడు. "నువ్వు రైతువంటున్నావు, నేను అంతకంటే కిందికి పోగలను" అన్నట్టు. స్నీడ్ ఫోటో మాట కూడా ఇదే అనిపిస్తోంది నాకు. వాళ్ళు కొండవాడు అన్నారు, ఆయన ఇంకో కొండ ఎక్కాడు.

ఛందోభంగం:
మేడమ్, బాగుంది. కానీ పోతన డబ్బు వద్దనడానికి ఆ మాట ఎత్తుకున్నాడు. ఈయన టికెట్లు అమ్ముడవడానికి. 'ఐన నేమి' కీ, 'అవునండీ, చూడ్డానికి రండి' కీ తేడా లేదా?

మేడమీద పంతులమ్మ:
ఉంది. అందుకే 'లాంటిదే' అనకుండా 'అనిపిస్తోంది' అన్నాను.

నిఘంటువు పురుగు:
పల్లెకి పట్నం పెట్టిన పేర్ల మాటొస్తే, అసలు 'గ్రామ్యం' అన్న మాటే చూడండి. గ్రామానికి చెందినది అంటే చాలు, అలంకారశాస్త్రంలో దోషమైపోయింది. నగరానికి చెందితే 'నాగరికం'. గిడుగు వారు జీవితమంతా పోరాడింది దీనిమీదే కదా. అది చాలక కొండలెక్కి సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు చేశారు. వ్యావహారికం మీద పోట్లాడేటప్పుడు అందరూ గిడుగుని తలుచుకుంటారు, ఆ సవర పని మాత్రం ఎవరికీ గుర్తుండదు. నా దృష్టిలో అదే ఆయన పెద్ద పని.

అరసున్న:
సవర పని పెద్దదే. వాడుక భాష గెలిచాక అరసున్నకి ఏం గతి పట్టిందో కూడా చెప్పండి.

తాటిముంజె:
మీ పేరులో బతికే ఉంది కదండీ.

వర్జీనియా నుంచి:
పంతులమ్మ గారు చెప్పింది రాత్రంతా బుర్రలో తిరిగింది. ఒక విషయం కలుపుతాను. మా ఆఫీసులో వెస్ట్ వర్జీనియా వాడొకడున్నాడు, బొగ్గుగనుల ఊరు. తనని తాను హిల్‌బిల్లీ అనుకుని నవ్విస్తాడు. ఒక మీటింగులో పైవాడొకడు అదే మాట అన్నాడు, నవ్వుతూనే. ఇతను నోట్‌బుక్ మూసి, పెన్ను క్యాప్ పెట్టి, మిగతా నలభై నిమిషాలు మాట్లాడలేదు. కాబట్టి తెలుగులోనూ తనంతట తను అనుకుంటే నవ్వు, ఎదుటివాడు అంటే తిట్టు అయ్యే మాట కావాలి. 'బైతు' తిట్టు మాత్రమే. నేను బైతుని అని గర్వంగా చెప్పుకున్నవాణ్ణి చూడలేదు.

కడప కారం:
'సీమోడు' ఉంది కదా. మేము అనుకుంటే ఒకటి, బయటోళ్ళంటే ఇంకొకటి.

వర్జీనియా నుంచి:
సరిగ్గా అదే తూకం. కానీ స్నీడ్‌ని సీమోడు అంటే ఎలా?

ఓరుగల్లు పిల్లగాడు:
ఈయన్ని కూడా రెండు రాష్ట్రాలు మాది అంటె మాది అంటయా అన్నా?

వర్జీనియా నుంచి:
దాదాపు. పుట్టిందీ, చివరికి 2002లో పోయిందీ హాట్ స్ప్రింగ్స్ దగ్గరే, వర్జీనియా. తొంభై నిండడానికి నాలుగు రోజుల ముందు. కానీ పేరు మోగింది గ్రీన్‌బ్రయర్ అనే హోటల్‌తో, అది సరిహద్దుకి అవతల వెస్ట్ వర్జీనియాలో. రెండు హోటళ్ళూ ఆయన బొమ్మ పెట్టుకుంటాయి.

ఓరుగల్లు పిల్లగాడు:
అయితె బమ్మెర, ఒంటిమిట్టనే.

పాత బాలశిక్ష (నిర్వాహకులు):
చెప్పానా.

తాటిముంజె:
గోల్ఫ్ తెలిసినవాడిగా ఒక మాట. కర్ర దెబ్బకి నేలమీంచి గడ్డి పెళ్ళ లేస్తుంది, దాన్ని డివట్ అంటారు. ఆ లెక్కన గోల్ఫర్లంతా కౌద్దాలికులే, దుంపలే దొరకవు. ఇంకొకటి, స్నీడ్ ఊపు (స్వింగ్) ఒక్కసారి వీడియోలో చూడండి. మోటుతనం మచ్చుకి కూడా లేదు. 52 ఏళ్ళప్పుడు, 1965లో, గ్రీన్స్‌బరో టోర్నీ ఎనిమిదోసారి గెలిచాడు. బలంతో ఆడేవాడి నడుము ఆ వయసుకి ఉండదు. నోరు కొండవాడిది, ఒళ్ళు నాట్యగాడిది.

నిఘంటువు పురుగు:
యూఎస్ ఓపెన్ మాత్రం రాలేదుగా?

తాటిముంజె:
రాలేదు. నాలుగుసార్లు రెండో స్థానం. 1939లో చివరి హోల్ ఐదు దెబ్బల్లో ముగిస్తే గెలిచేవాడు, ఎనిమిది కొట్టాడు. బ్రిటిష్ ఓపెన్ మాత్రం 1946లో సెయింట్ ఆండ్రూస్‌లో కొట్టాడు. రైల్లోంచి గోల్ఫర్ల ఆ పవిత్ర క్షేత్రాన్ని చూసి, ఏదో పాడుబడిన గోల్ఫ్ కోర్సులా ఉందే అన్నాడట. స్కాట్లాండ్ వాళ్ళకి మండిపోయింది. బహుమతి 150 పౌన్లు, ప్రయాణం ఖర్చులకే చాలలేదని గొణుక్కున్నాడు.

మేడమీద పంతులమ్మ:
చూశారా, ఇక్కడ పల్లకీలో ఉన్నది ఎవరు?

అరసున్న:
పల్లకీ సంగతి తర్వాత. వర్జీనియా గారూ, వ్యాసంలో పద్యం వాడుతున్నారా? వాడితే ఏ పాఠం?

వర్జీనియా నుంచి:
రేపు ఉదయానికి పంపాలండీ. పద్యం మొదట్లో పెడుతున్నాను. కౌ అనే రాశాను, తాతయ్యకి మనసులో క్షమాపణ చెప్పుకుని. హిల్‌బిల్లీని హిల్‌బిల్లీ గానే వదిలేస్తున్నాను, ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తడితే రాత్రి పన్నెండులోపు చెప్పండి.

నిఘంటువు పురుగు:
తాతయ్య మాట తీసేయకండి. గౌ.

అరసున్న:
కౌ అన్నందుకు సంతోషం. 'సీమలఁ' దగ్గర అరసున్న పెట్టారా?