ఉర్లు వేసేవాండ్లా, వార్లు వేసేవాండ్లా?

ఠగ్గులకు తెలుగులో సొంత పేరేమైనా ఉందా అని మొన్న ఒకరు అడిగారు. ఉంది. కాకపోతే ఇంగ్లీషు లిపిలో నలిగి మన చేతికొచ్చింది. 1816లో మద్రాసులో రిచర్డ్ షెర్‌వుడ్ అనే డాక్టరు, దక్షిణాదిలో బాటసారులను చంపే ముఠాల మీద వ్యాసం రాశాడు. ఉత్తరాన వీళ్ళు ఠగ్గులు, ఇక్కడ ఫాసీగర్లు, కన్నడంలో తంతి కళ్ళరు, తెలుగులో ‘వార్లు వేషే వాండ్లూ’ అన్నాడు. అర్థం కూడా ఇచ్చాడు: ఉచ్చు వాడేవాళ్ళని.

‘వేషే’తో పేచీ లేదు. రాసేది ‘వేసే’ అయినా నోట పలికేది ‘వేశే’. పాత కైఫీయతుల్లో (ఊళ్ళ చరిత్ర రాసిన రికార్డుల్లో) చేశి, వేశి అనేగా రాత! ‘వాండ్లు’ ఈనాటికీ సీమ మాటే. చిక్కల్లా మొదటి ముక్కతోనే. నేనైతే అది ‘ఉరి’కి బహువచనం, ఉరులు, ఉర్లు, వుర్లు అనుకుంటున్నాను.

ఈ పేరు తిరిగిన నేల కూడా చూడాలి. 1799లో బెంగళూరు దగ్గర వందమంది దాకా దొరికినా, వీళ్ళ వృత్తే ఇదని కంపెనీవాళ్ళు పోల్చుకోలేదు. 1807లో తిరువాన్కూరు దాకా వెళ్ళొస్తున్న ముఠాలో కొందరు చిత్తూరు, ఆర్కాటుల మధ్య పట్టుబడ్డాకే గుట్టు బయటపడింది. ఊళ్ళో ఉంటే సేద్యగాళ్ళు, పాలెగాళ్ళ అండ సరేసరి. మగపిల్లవాణ్ణి పదీ పన్నెండేళ్ళకే వెంట తీసుకెళ్ళేవారట. మొదట్లో హత్య వాడి కంటపడనీయరు, దోచినదాంట్లోంచి ఏదో బహుమానం మాత్రం చేతిలో పెడతారు. షెర్‌వుడ్ రాతలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే.

చచ్చినవాళ్ళు? ఇల్లు వదిలి దూరం వచ్చిన బాటసారులు. మాట కలిపి, తోడుగా నడిచి, అదను చూసి ఒకడు మెడకు ఉచ్చు వేస్తే ఇంకొకరు కాళ్ళూ చేతులూ పట్టేవారు. శవాన్ని గుర్తుపట్టకుండా చెక్కి పూడ్చేసేవారు. సెలవు మీద జీతం డబ్బుతో ఇంటికెళ్ళే సిపాయిలంటే వీళ్ళకు పండగే. అందుకే 1810లో బెంగాలు సైన్యంలో, రాత్రిళ్ళు నడవొద్దు, డబ్బు హుండీల్లో (రొక్కానికి బదులు చెల్లింపు చీటీల్లో) పంపుకోండి అని ఉత్తర్వు వేశారు.

*

ఉర్లు అనడానికి తొందరపడకండి గురువుగారూ. ‘వారు’ అంటే తోలుపట్టీ. కన్నడంలో ‘తంతి’ తీగో, నరాల తాడో. పక్క భాషవాళ్ళు తాడును బట్టి పేరు పెడితే మనవాళ్ళూ అదే చేసుంటారు, ‘వార్లు’ అన్నది ఉన్నదున్నట్టు సరిపోతుంది. పైగా ‘వాండ్లూ’ చివర ఇంగ్లీషులో రెండు ఓలు (oo) పెట్టిన దొర, ‘వుర్లు’ విని మొదట్లో ‘వా’ ఎందుకు రాస్తాడు?

*

తడిగుడ్డతో గొంతు కోయడం కూడా వీళ్ళ నుంచే వచ్చిందంటారా?

*

చెల్లెమ్మా, ఆ సామెతలో ఉన్నది కోత, వీళ్ళది బిగింపు. నమ్మించి చంపడం ఒక్కటే పోలిక. దాంతో వ్యుత్పత్తి కట్టలేం.

‘వారు’ వాదన బలమైనదే, ఒప్పుకుంటాను. ఆ ‘వా’కు నా దగ్గర జవాబు లేదు. కానీ క్రియ చూడండి. వారు కడతాం, బిగిస్తాం, లాగుతాం. ‘వేసేది’ ఉరి. చిత్తూరు వైపు ‘వారు వేయడం’ అనే వాడుక ఉంటే అక్కడివాళ్ళు చెప్పండి, ఉర్లను వదిలేస్తాను.